రెండవ ఆయుధము

బెల్లంకొండ దుర్గము నెక్కి చూచినవారికి ఒక సంగతి స్ఫుటముగా తోచును. పూర్వులు ఏ కోటను గాని ఒక్క గోడను నమ్మి కట్టలేదు. కొండయే మొదటి రక్షణము; కొండపై ప్రాకారము రెండవది; ప్రాకారమునకు బురుజులు మూడవవి. ఇన్ని యుండియు 1515వ సంవత్సర ప్రాంతమున శ్రీకృష్ణదేవరాయల సేనలు కొండవీటిని లోబఱచుకొనుటకు ముందు అద్దంకి, వినుకొండ, నాగార్జునకొండలతోపాటు ఈ బెల్లంకొండను గూడ పట్టుకొన్నవి. రెండవ గోడ యున్నదన్న ధైర్యము వేఱు; ఆ గోడ నిలుచునన్న నిశ్చయము వేఱు. నేడు మేము విచారింపబూనిన విషయమున కీ భేదమే మూలము.

ప్రాణభయము గల పెద్దమనుష్యులు, వారిని కాపాడవలసిన పోలీసు ఉద్యోగులు, ఈ యిరు తెగలవారి సంభాషణములలోను చిన్న రివాల్వరు ప్రసక్తి వచ్చుచుండుట పల్నాటివారికి క్రొత్త గాదు. మొదటి ఆయుధము పనిచేయనపుడు, లేదా దానిని ధరించిన గన్‌మాను నేలకొఱిగినపుడు, నడుమున గాని, లోపలి జేబున గాని దాచిన చిన్న రివాల్వరు ఆదుకొనునా? ఆదుకొనునని పలువురి విశ్వాసము. ఆ విశ్వాసమున కెంతవఱకు ఆధారము కలదు? అహింసను జీవితధర్మముగా చాటిన మహాత్ముని దేశమున ఇట్టి చర్చ యేల యని కొందఱు అడుగవచ్చును. ఆయుధములు లేని లోకము రావలెనని మేమును కోరుచున్నాము. కాని ప్రభుత్వము ఆయుధము నిచ్చి మనుష్యుని ప్రమాదమునకు ఎదురుగా నిలుపుచున్నంత కాలము, ఆ ఆయుధము నమ్మదగినదా కాదా యని అడుగుట ప్రజల హక్కు.

ఆంధ్రదేశమున ఈ ప్రశ్న నెత్తురుతో వ్రాయబడి యున్నది. 1999 సెప్టెంబరు 4వ తేదీన హైదరాబాదు సంజీవరెడ్డినగరు కూడలిలో పోలీసు ఉన్నతోద్యోగి శ్రీ ఉమేశచంద్ర గారి కారు ఆగియుండగా పీపుల్స్ వార్ దళమువారు కాల్పులు జరిపిరి. కారు నడపువాడును, గన్‌మానును హతులైరి. శ్రీ ఉమేశచంద్ర గారు కారు దిగి దుండగుల వెంటబడి తఱిమిరి. ఆయన చేతిలో ఆయుధము లేదు. అది గ్రహించిన పిమ్మట పాఱిపోవువారు వెనుదిరిగి ఆయనను కాల్చిచంపిరి. అంతకు ఆఱేండ్లు ముందు, 1993 జనవరి 27వ తేదీన, గ్రేహౌండ్సు దళమును నెలకొల్పిన శ్రీ వ్యాసు గారు అదే నగరమున లాల్‌బహదూర్ క్రీడాస్థలమున పరుగు వ్యాయామమునకు వచ్చినపుడు హత్యకు గుఱియైరి.

శ్రీ ఉమేశచంద్ర గారి మరణమును తలచునపుడెల్ల మన మనస్సులలో మెదలు ప్రశ్న యొక్కటే: ఆ క్షణమున ఆయన జేబులో ఐదు తూటాల చిన్న రివాల్వరు ఒక్కటి యున్నచో ఏమి జరిగి యుండెడిది? దీనికి ఖండితముగా ప్రత్యుత్తరము చెప్పువాడు సాహసి. కాని ఒక్క విషయము నిస్సందేహము. ఆయన రక్షణమంతయు గన్‌మాను చేతిలోని తుపాకిపై ఆధారపడి యుండెను. ఆ చేయి పడిపోయిన క్షణముననే ఆ రక్షణమును పడిపోయెను. రెండవ ఆయుధమునకు మొదటి గుణము తూటాబలము గాదు, దూరలక్ష్యము గాదు. అవసరమైన గడియలో ఒంటిమీద నుండుట. ఇంట బీరువాలో నున్న శ్రేష్ఠమైన పిస్తోలుకంటె జేబులో నున్న సామాన్యమైన రివాల్వరు మేలు. చిన్న రివాల్వరు పక్షమున చెప్పదగిన మొదటి మాట యిదియే. పెద్ద ఆయుధము బరువని, దుస్తులలో నుండి కనబడునని మానవుడు దానిని ఇంట విడిచి పోవును. చిన్నదానిని విడుచుటకు అంతటి సాకు దొరకదు.

రెండవ మాట యంత్రమును గూర్చినది. పిస్తోలు తాను పేలిన అదటు బలముతోనే తరువాతి తూటాను లోనికి తెచ్చుకొనును. పట్టు సడలినను, తూటా బలహీనమైనను, కోటు అంచు అడ్డుపడినను ఆ క్రియ నడుమ ఆగిపోవును; దానిని సరిచేయుటకు రెండు చేతులును, కొంత వ్యవధియు కావలెను. రివాల్వరునందు సిలిండరును త్రిప్పునది మనుష్యుని వ్రేలు. ఒక తూటా పేలకున్నచో మీటను మఱల నొక్కిన చాలును. తరువాతి అఱ ఎదుటికి వచ్చును. గుఱ్ఱము లోపల దాగియుండు రకములను జేబునుండి తీయకయే కాల్చవచ్చును. నెలల తరబడి తూటాలతో నిండియున్నను దాని స్ప్రింగు నొక్కుబడి యుండదు. ఒంటిచేతితో, పడిపోయి, పెనుగులాడుచు వాడవలసివచ్చు ఆయుధమున కివి చిన్న గుణములు గావు. 1927లో అమెరికాలో కోల్టు కంపెనీవారు రెండంగుళముల గొట్టముతో డిటెక్టివ్ స్పెషల్ అను రివాల్వరును విడుదల చేసినది మొదలు లోకమునందలి పోలీసువారు చిన్న రివాల్వరును ఆదరించుటకు కారణ మీ సరళతయే.

ఐనను సరళమైన దానికి లోపములు లేవనుకొనుట భ్రాంతి. పిస్తోలు తఱచుగా ఆగును, సులభముగా సరిపడును; రివాల్వరు అరుదుగా ఆగును, ఆగినచో అక్కడికక్కడ సరిచేయుట కష్టము. కాలీకాలని మందు రేణువులు ఖాళీ గొట్టములను వెలికి నెట్టు నక్షత్రపు పలకక్రింద చేరినచో సిలిండరు బిగిసిపోవును. మిక్కిలి తేలికయైన రివాల్వరులో బలమైన తూటాలు వాడినచో, పేలిన అదటుకు తక్కిన అఱలలోని గుండ్లు తమ గొట్టములనుండి ముందునకు జాఱి సిలిండరు తిరుగకుండ అడ్డుపడును. నూనె గట్టిపడి, స్ప్రింగు సడలినచో గుఱ్ఱము తూటా టోపీని చాలినంత బలముగా కొట్టదు. మందు సరిగా అంటుకొనని తూటావలన గుండు గొట్టములోనే నిలిచిపోవచ్చును. అది తెలియక మఱల కాల్చినచో ఆయుధమే పగిలి యజమానుని గాయపఱచును. ఇవన్నియు నిర్లక్ష్యమువలన వచ్చు దోషములు. కొనిన దినమున కనబడవు, ఏండ్లు గడచిన పిమ్మట ఒక్క దినమున కనబడును.

మన ప్రాంతపు వేసవిలో చెమట, వర్షకాలమున తేమ ఆయుధమునకు నిత్యశత్రువులు. తోలు ఒఱలో ఆయుధమును ఏండ్లకొలది అట్లే యుంచువారు కలరు. తోలు తేమను పట్టియుంచును. ఉక్కు త్రుప్పు పట్టును. తూటాల ఇత్తడి పచ్చబాఱును. తుపాకికి నూనె పెట్టుట మంచిదని తూటాలపై గూడ నూనె కాఱనిచ్చువారు టోపీలోని మందును తామే చంపుకొనుచున్నారు. ఒక్కసారి కొన్న తూటాలనే తరతరముల ఆస్తివలె దాచి, వానిలో ఒక్కదానినైనను కాల్చి చూడని యజమానుడు తనవద్ద ఆయుధ మున్నదని చెప్పుకొనవచ్చును గాని, పనిచేయు ఆయుధ మున్నదని చెప్పుకొనుటకు వానికి ఆధారము లేదు.

ఇక మనుష్యుని సంగతి. చిన్న గొట్టము, చిన్న పిడి, గట్టి మీట, ఈ మూడును కలిసినపుడు గుఱి తప్పుట సహజము. పెద్ద ఆయుధముతో కొంత నేర్పు గలవాడుగూడ చిన్నదానితో తడబడును. చిన్నది గనుక నేర్చుకొనుట సులభమని తలచుట తలక్రిందులైన తర్కము. చిన్నది గనుకనే ఎక్కువ అభ్యాసము కావలెను. ఇందుకు లోకమున ప్రసిద్ధమైన ఉదాహరణ మొకటి కలదు. అమెరికాలో మయామీ నగరమున 1986 ఏప్రిల్ 11వ తేదీన ఎఫ్.బి.ఐ. ఉద్యోగులు ఎనమండుగురు ఇద్దఱు బ్యాంకు దోపిడీకాండ్రను వెన్నాడి నిలిపిరి. కార్లు ఢీకొన్న తాకిడిలో ఇద్దఱు ఉద్యోగుల ఆయుధములు చేతి కందకుండ ఎగిరిపోయినవి. వారిలో హాన్లన్ అను నతడు తన రెండవ ఆయుధమైన ఐదు తూటాల చిన్న రివాల్వరుతో పోరాటము సాగించెను. ఆ ఐదును అయిపోయి, మఱల నింపుకొనుచుండగా ఆయన చేతికి గుండు తగిలెను. మక్నీల్ అను మఱియొకరి చేయి గాయపడి, నెత్తురు రివాల్వరు అఱలలోనికి కాఱుటచే తూటాలు నింపుట సాధ్యము గాలేదు. ఒక చేయి పనికిరాకపోయిన మిరెలెస్ అను ఉద్యోగి ఒంటిచేతితో పెద్ద తుపాకిని, కడపట తన రివాల్వరును పేల్చి ఆ పోరాటమును ముగించెను. ఉద్యోగు లిద్దఱు మరణించిరి, ఐదుగురు గాయపడిరి, దోపిడీకాండ్రు ఇద్దఱును హతులైరి.

ఈ ఒక్క ఘటనలో మన ప్రశ్నకు రెండు వైపుల సమాధానమును కలదు. చిన్న రివాల్వరు లేకున్నచో హాన్లన్ ఆ ఘడియలో వట్టిచేతులతో నుండెడివాడు. అది ఉండుటచే అతనికి ఐదు తూటాల కాలము దొరకెను. ఆఱవ తూటాకు కాలము దొరకలేదు. కావున చిన్న రివాల్వరు యుద్ధము చేయు సాధనము గాదు; ప్రమాదమునుండి తప్పించుకొనుటకు కొన్ని క్షణములను కొనిపెట్టు సాధనము. ఆ క్షణములను సద్వినియోగము చేసికొను బుద్ధియు, తోడువచ్చు మనుష్యులును లేనిచో ఐదు తూటాలు ఐదు శబ్దములు మాత్రమే.

మన దేశమున ఈ ఆయుధములు తయారగుట సంతోషకరము. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన దారుణము పిమ్మట, 2014లో కాన్పూరునందలి ప్రభుత్వ కర్మాగారమువారు స్త్రీల రక్షణార్థమని ‘నిర్భీక్’ అను .32 రివాల్వరును విడుదల చేసిరి. అది తేలిక లోహముతో చేసిన, సుమారు అరకిలో బరువు గలది. 2023 ఆగస్టులో అదే కాన్పూరునుండి ‘ప్రబల్’ అను మఱియొక రివాల్వరు వెలువడెను. మడతపడి తెఱచుకొను పాత పద్ధతికి బదులు సిలిండరు ప్రక్కకు వచ్చు ఏర్పాటు స్వదేశీ రివాల్వరులో ప్రవేశపెట్టుట దీనితోనే యని దానిని చేసినవారు చెప్పుకొన్నారు. ఏబది మీటర్ల వఱకు పనిచేయుననియు ప్రకటించిరి. స్వదేశి వస్తువును చూచి గర్వించుటకు మాకు సంకోచము లేదు. కాని స్వదేశి యను మాట పరీక్షకు మినహాయింపు గాదు. రెండవ ఆయుధమునకు ఏబది మీటర్ల దూరముతో పనిలేదు. అట్టి పోరాటములు చేతికందు దూరమున, రెప్పపాటు కాలమున ముగియును. ఎన్ని వందల తూటాలు కాల్చినపిమ్మట సిలిండరు వదులగునో, దుమ్ములోను తేమలోను ఎట్లు పనిచేయునో, మీటను నొక్కుటకు ఎంత బలము కావలెనో, కొనువానికి తెలియజెప్పు పరీక్షాఫలితములు దూరపు ప్రకటనలకంటె వేయిరెట్లు విలువైనవి.

ధరను గూర్చియు ఒక మాట. నిర్భీక్ వెలువడిన నాడు దాని వెల సుమారు రూ. 1,22,000. స్త్రీల రక్షణమని పేరు పెట్టిన వస్తువు కూలిపనికి చీకటిలో బయలుదేఱు పల్నాటి స్త్రీకి దక్కునా? మిరపచేలలో పనిచేయు స్త్రీకి ఆ వెల కొన్నేండ్ల కష్టము. ఇది ధనికునకు రెండవ ఆయుధము. పేదదానికి మొదటిది గూడ గాదు. ఆమెకు కావలసినది దీపమున్న బాట, వేళకు వచ్చు బస్సు, పిలిచిన పలుకు పోలీసు ఠాణా.

ఆయుధముల చట్టముయొక్క చరిత్రను మనము మఱువరాదు. 1878లో లిట్టన్ ప్రభువు కాలమున వచ్చిన చట్టము భారతీయులను నిరాయుధులను చేసి, తెల్లవారికి మినహాయింపు నిచ్చెను. ఆ అవమానమునకు ప్రత్యుత్తరముగనే 1931లో కరాచీ కాంగ్రెసు, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కును పౌరహక్కులలో చేర్చెను. ఐనను 1948లో రాజ్యాంగసభ యెదుట శ్రీ కామతు గారు ఆ హక్కును ప్రతిపాదించినపుడు సభ దానిని అంగీకరింపలేదు. 1959 చట్టమును అనుసరించి ఆయుధము నేడు హక్కు గాదు, అనుమతి. 2019 సవరణచే ఒకడు ఉంచుకొనదగిన తుపాకులు మూడు నుండి రెండునకు తగ్గినవి. 2016 నిబంధనలు లైసెన్సు కోరువారికి భద్రతాశిక్షణమును విధించినవి. ఈ శిక్షణము కాగితముపై ముద్రగా ముగియక, చేతికి వచ్చు విద్యగా నిలిచినపుడే నిబంధనకు అర్థము కలదు. అభ్యాసమునకు తావు చూపక ఆయుధమునకు మాత్రము అనుమతి నిచ్చుట, ఈత నేర్పక పడవ నమ్మినట్లగును.

ఆయుధమున్న మాత్రాన రక్షణ లేదనుటకు మన తెలుగుదేశపు చరిత్రలోనే సాక్ష్యము కలదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడి తుపాకులను తీసికొనిపోయెను. ఆ ఠాణాలలో తుపాకులు లేకపోలేదు. వానిని పట్టవలసిన చేతులలో సిద్ధత లేదు. వారి వెనుక ప్రజల విశ్వాసము లేదు. ఆ వీరుని విజయమునకు మన హృదయము ఉప్పొంగును. ఆ సామ్రాజ్యపు అజాగ్రత్తనుండి నేటి ప్రభుత్వము పాఠము నేర్వవలెను.

ఇక మన పల్నాటి సంగతి. 2022 ఏప్రిల్ 4వ తేదీన పల్నాడు వేఱు జిల్లాయయ్యెను. 2024 మే 13వ తేదీన జరిగిన ఎన్నికలలో మాచర్ల, నరసరావుపేట ప్రాంతములలో చెలరేగిన అల్లరులను దేశమంతయు చూచినది. ఎన్నికల సంఘము జిల్లా పోలీసు అధిపతిని సస్పెండు చేయవలసి వచ్చెను. కలెక్టరును బదిలీ చేసెను. ప్రత్యేక దర్యాప్తు బృందము ఏర్పడెను. ఆ దినములలో ఊళ్లలో తిరిగినవి ఱాళ్లు, కఱ్ఱలు, పెట్రోలు సీసాలు. మంట పెట్టుటకు వచ్చిన గుంపు నెదుట చిన్న రివాల్వరు ఏమి చేయగలదు? ఆఱు తూటాలు ఆఱుగురిని తాకవచ్చును, లేదా అన్నదమ్ముల మధ్య ఆఱు తరముల పగను నాటవచ్చును. కారెంపూడి యుద్ధభూమి ఈ గడ్డపైననే యున్నది. పగ యెంత కాలము బ్రతుకునో ఈ జిల్లావారికి వేఱొకరు బోధింపనక్కఱలేదు.

మఱియొక సంగతి గమనింపవలెను. ఎన్నికలు ప్రకటింపబడినంతనే లైసెన్సు గలవారి ఆయుధములను సమీక్షించి, జామీనుపై నున్నవారిని, నేరచరిత్ర గలవారిని, పూర్వము అల్లరులలో చిక్కినవారిని తమ ఆయుధములను ఠాణాలో అప్పగింపుమని అధికారులు ఆజ్ఞాపింతురు. ఈ ఆజ్ఞ సమంజసమైనదే. కాని దాని ఫలిత మేమి? పల్నాటివంటి చోట ఎవనికి ప్రాణభయ మెక్కువయో వానిపై కేసులుండుట అరుదు గాదు. భయ మెక్కువైన దినములే ఎన్నికల దినములు. అనగా ఏండ్ల తరబడి నడుమున మోసిన రెండవ ఆయుధము, కావలసిన వారములలో ఠాణా పెట్టెలో నుండును. అప్పుడు వాని రెండవ ఆయుధము మఱెవరు? పోలీసువారే. పోలీసు పక్షపాతియైన నాడు వానికి మొదటిదియు లేదు, రెండవదియు లేదు. చిన్న రివాల్వరు ఎంత నమ్మదగినదని అడుగువారు, దాని నప్పగించుకొను ఠాణా ఎంత నమ్మదగినదని అంతకంటె గట్టిగా అడుగవలెను.

కావున మా యభిప్రాయము లివి. ప్రమాదమునకు ఎదురుగా పనిచేయు పోలీసు ఉద్యోగులకు, ప్రముఖులను కాపాడు గన్‌మాన్లకు రెండవ ఆయుధము ఇచ్చుట న్యాయము. అది చిన్న రివాల్వరైనను తగును. కాని దానితోపాటు నిర్ణీతకాలమున అభ్యాసము, తూటాల మార్పిడి, నిపుణునిచే పరీక్ష తప్పనిసరి కావలెను. అభ్యాసమునకు తూటాలు వ్యయము చేయుటకు వెనుకాడు ప్రభుత్వము తరువాత విధవకు పింఛను వ్రాయవలసి వచ్చును. కర్మాగారములవారు తమ పరీక్షాఫలితములను ప్రజలముందు పెట్టవలెను. లైసెన్సు పొందిన పౌరుడు తన ఆయుధమును నమ్ముటకు ముందు దానిని శుభ్రపఱచుట, కాల్చుట, పిల్లలకు అందకుండ దాచుట నేర్వవలెను. ఈ మూడును చేయజాలనివాడు లైసెన్సును తిరిగి యిచ్చుట వానికిని, వాని యింటికిని క్షేమము.

చిన్న రివాల్వరు అబద్ధమాడదు. యజమానుడు దానిని ఎంత శ్రద్ధతో చూచెనో అంతయే తిరిగి యిచ్చును. దానిని నిందించుటయు, దేవతవలె కొలుచుటయు రెండును తప్పులే. పనిముట్టును పనిముట్టుగా చూచువానికి అది కొన్ని క్షణముల నిచ్చును. ఆ క్షణముల తరువాత ఆదుకొనవలసినది చట్టము, ఇరుగుపొరుగు, పిలువగనే వచ్చు రక్షకభటుడు. శ్రీ ఉమేశచంద్ర గారు వట్టిచేతులతో తఱిమిన ఆ వీథిలో నేడు ఆయన విగ్రహము నిలిచియున్నది. విగ్రహము నిలుపుట కృతజ్ఞత. అట్టి మఱియొక విగ్రహము అవసరము గాకుండ చేయుట కర్తవ్యము. ఆ కర్తవ్యము కాన్పూరు కర్మాగారములో సగము, నరసరావుపేట ఠాణాలో సగము గలదు. మొదటి సగమును గూర్చి మాటలాడుట సులభము. రెండవ సగమును గూర్చి పల్నాటి ప్రజలు తదుపరి ఎన్నికలు రాకమున్నే అడుగవలెను.